ఓడితే ఏమవుతుంది?

గేముల్లో కథేమిటోయ్ అని నేనిక్కడ గొణిగిన వారాలు పాత పాఠకులకు గుర్తే. అలాంటి నన్ను మొన్న అరకు తీసుకెళ్లి మార్కులు వెయ్యమని కూర్చోబెట్టారు. మీడియా కోర్సు పిల్లలు. మూడు రోజుల టూరు. చివర్న ఒక వీడియో గేముకు కథ రాసి చెప్పాలి.

మొదటి జట్టు కుర్రాడు లేచాడు. "హీరో గిరిజన వేటగాడు సార్. బొర్రా గుహల్లో నిధి. ఐదు లెవెల్స్. మధ్యలో థింసా డాన్స్ మినీగేమ్."

జానర్ ఏమిటన్నాను. "ట్రైబల్, సార్."

ఒళ్లు మండింది. సినిమా జానర్‌ని కథ జరిగే చోటునో, మనకు పుట్టే భయాన్నో నవ్వునో బట్టి చెబుతాం. గేము జానర్‌ని ఎక్కువగా ఆడేవాడి చేతిపనిని బట్టి చెబుతాం: కాల్చడం, గెంతడం, చిక్కు విప్పడం. 'ట్రైబల్' ఈ రెంటిలో దేనికీ చెందదు. అది వేషం.

ఈ మాట అంటుండగానే నాయనమ్మ గుర్తొచ్చింది. వానాకాలం రాత్రుళ్లు గచ్చు మీద వైకుంఠపాళి పటం పరిచేది. గవ్వలు ఆవిడవే. నా కాయ చింతగింజ, ఆవిడది గాజుముక్క. ఓ రాత్రి వైకుంఠం కనుచూపు మేరలో ఉండగా పెద్దపాము నోట్లో పడ్డాను. "పుణ్యం అయిపోనాదిరా, మళ్లీ మొదలెట్టు" అని నవ్వింది. ఏ పురాణమూ నన్నంత ఏడిపించలేదు. పురాణంలో స్వర్గం నుంచి పడింది నహుషుడు, ఇక్కడ పడింది నేను. ఆ ఆటే ఇంగ్లండు వెళ్లాక పాములూ నిచ్చెనలూ ఉండిపోయాయి గానీ, పోనుపోను వైకుంఠం ఉన్నచోట వంద అనే అంకె వచ్చి కూర్చుంది. ఇప్పుడు పడితే అంకెలే పోతాయి, పుణ్యం కాదు.

గేములో కథ ఉంటుందని నాయనమ్మకు తెలుసు. ఒప్పుకోనిది నేనే.

కుర్రాణ్ని అడిగాను: "మీ వేటగాడికి వేట దొరక్కపోతే?"

"గేమ్ ఓవర్, సార్."

ఈ కొండల్లో అలా కాదు. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళ్లడం ఆనవాయితీ. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లుతారు. వేట ఓడినచోట నవ్వులాట మొదలవుతుంది. ఒక్క నియమంతో యాక్షన్ గేము హాస్యమైపోయింది! సినిమాలో అయితే ఆ తడిసేవాణ్ని చూసి నవ్వుకుంటాం. గేములో ఊళ్లోకి తలవంచుకుని నడవాలో, పక్కదారి పట్టాలో మనమే తేల్చుకోవాలి.

ఇలాంటి సంగతులు అక్కడి జనాన్ని అడిగితేనే తెలుస్తాయి. అలాస్కాలో ఇనూపియాట్ జనం కథతో 2014లో 'నెవర్ అలోన్' అనే గేము వచ్చింది. వాళ్ల పెద్దల్నీ కథకుల్నీ పక్కన కూర్చోబెట్టుకుని తయారుచేశారు. ఆడుతూ పోతుంటే ఆ జనమే తెర మీదికొచ్చి తమ సంగతులు చెప్పే వీడియోలు తెరుచుకుంటాయి. మన పిల్లలు అరకులో మూడు రోజులున్నారు, ఒక్క ముసలమ్మనీ పలకరించలేదు.

నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ జట్టుకు మాత్రం పాసు మార్కులే వేశాను. చైత్రంలో పండక్కి మళ్లీ వచ్చి, ఆఖరి లెవెలు ఆ ఆడవాళ్లచేత చెప్పించుకుని రాయమన్నాను.