పరిశోధనకు సాక్షి ఎవరు?

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణం వెలసింది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు ఆరేండ్ల చదువుకై అక్కడ చేరుతారు. రేపటి పరిశోధకులు వీరిలోనూ ఉంటారు. కనుక పరిశోధనా రంగాన్ని సంస్కరించడానికి దేశంలో జరిగిన ప్రయత్నం ఎంతవరకు సరియైనదో పరిశీలించడం అవసరం.

గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి యు.జి.సి. 2018లో నియమావళి ప్రకటించింది. ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 60 శాతం మించితే పరిశోధకుని రిజిస్ట్రేషనే రద్దు. సంస్థలలో విచారణ సంఘాలుండాలని కూడా అందులో ఉంది. ఉద్దేశం మెచ్చదగినదే. కాని శాతం లెక్క మాటల పోలికను పట్టగలదే గాని, భావచౌర్యాన్ని పట్టలేదు. మినహాయించిన ఆ పది శాతంలోనే గ్రంథానికి ప్రాణమైన ఆలోచన ఉండవచ్చు. పిహెచ్.డి.కి ముందు వ్యాసం అచ్చు కావాలన్న షరతు 2022లో తొలగింది. పత్రికల యోగ్యతను నిర్ణయించిన కేర్ జాబితా 2025లో రద్దయింది. పైనుండి వచ్చే కొలతలు ఇలా మారుతూనే ఉంటాయి.

హదీసు విద్వాంసులు వేరొక మార్గం త్రొక్కారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) గురువైన అలీ బిన్ అల్ మదీనీ తన కన్నతండ్రినే బలహీన ఉల్లేఖకునిగా పేర్కొన్నారు. అన్నిసా సూరా 135వ ఆయతు న్యాయసాక్ష్యంలో తల్లిదండ్రులను సైతం మినహాయించలేదు కదా! హి. 385 (క్రీ.శ. 995)లో మరణించిన ఇమామ్ దారఖుత్నీ, బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని సుమారు రెండు వందల హదీసులపై ఆక్షేపణలు లేవదీశారు. ఆయన బయటివారు కారు, ఆ శాస్త్రంలోనే తలపండినవారు. తరువాతి కాలంలో ఇబ్నె హజర్, బుఖారీ గ్రంథంపై వచ్చిన ఆక్షేపణలను దాచిపెట్టలేదు. ఒక్కొక్కటే తీసుకొని సమాధానం వ్రాశారు. ఇందువల్ల ఆ గ్రంథాల గౌరవం తగ్గలేదు, స్థిరపడింది.

కడప గడ్డపై సి.పి. బ్రౌన్ చేసిన కృషి కూడా ఇటువంటిదే. పండితులకు జీతమిచ్చి, వ్రాతప్రతులను సరిపోల్చి పాఠాలు నిర్ణయింపజేశాడు. 1829లో 693 వేమన పద్యాలు ప్రకటించి ఊరకుండక, 1839 నాటికి 1164 పద్యాలతో కొత్త కూర్పు తెచ్చాడు.

ఇస్నాదు ఘనతను సభలలో చాటే ముస్లిం విద్యావంతులు, శిష్యుని సిద్ధాంత గ్రంథంపై సంతకం చేసేటప్పుడు దానిని మరిస్తే ఆ ఘనత వట్టి మాటే అవుతుంది. ప్రతి ఉదాహరణను మూలంలో చూశావా, ఇతరుల పుస్తకం నుండి ఎత్తి వ్రాశావా అని పర్యవేక్షకుడు అడగాలి. పరీక్షకుని ఆక్షేపణలు, వాటికి పరిశోధకుని జవాబులు గ్రంథంతో పాటే భద్రపరచాలి. ఇందుకు ఢిల్లీ ఉత్తర్వు కొరకు వేచియుండనక్కరలేదు.