పొడుగు మాట ఒక్క పదంలోకి

చక్రం పాణియందు కలవాడు ఎవరని అడిగితే శృంగవరపుకోట హైస్కూల్లో పదో తరగతి చదివే పిల్ల తడుముకోకుండా చక్రపాణి అంటుంది. దశరథుని కుమారుడు దాశరథి, మోక్షం కోరేవాడు ముముక్షువు, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస. విగ్రహవాక్యాలు, వ్యుత్పత్త్యర్థాలు అంటూ ఏళ్ల తరబడి ఆ పిల్ల చేసిన సాధన ఇదే. డిగ్రీ అయ్యాక అదే పిల్ల స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు పుస్తకం తెరిచి, ‘వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్’ అన్న శీర్షిక చూసి, ఇదేదో కొత్త గండం అనుకుంటుంది. జాబితాను మొదటి నుంచి చివరి దాకా బట్టీ పట్టడానికి కూర్చుంటుంది. చేతికి వచ్చిన విద్యను ఇంగ్లీషు గుమ్మం బయట వదిలేసి లోపలికి వెళ్తోంది. నా బాధంతా అక్కడే.

బట్టీ ఎందుకు పడతారో తెలియనిది కాదు. కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ మొదటి దశలో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఇంగ్లీషువి 25. ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. వాక్యమిచ్చి దానికి సరిపోయే ఒక్క పదం ఏదని అడిగేది ఆ 25లోనే. ఊళ్లో నుంచి పొద్దున్నే రైలో బస్సో ఎక్కి విశాఖ కోచింగుకు పోయే కుర్రాడికి పదాల పుట్టుక చూసే తీరిక ఉండదని అంటారు. నేను ఒప్పుకోను. ఆ తీరిక లేనివాడికే పుట్టుక తెలియాలి.

ఒక్క ముక్క తీసుకుందాం. లాటిన్ నుంచి వచ్చిన ‘సైడ్’ పదం చివర కూర్చుంటే చంపడం అని అర్థం. తండ్రిని చంపడం పాట్రిసైడ్, తల్లిని చంపడం మాట్రిసైడ్, తోబుట్టువును చంపడం ఫ్రాట్రిసైడ్, పసికందును చంపడం ఇన్‌ఫాంటిసైడ్, తనను తాను చంపుకోవడం సూయిసైడ్. ఇప్పుడు మన మాటలు పక్కన పెట్టండి: పితృహత్య, మాతృహత్య, భ్రాతృహత్య, శిశుహత్య, ఆత్మహత్య. కట్టుబడి ఒకటే. అంతేకాదు, లాటిన్‌లోని పాటర్, మాటర్, ఫ్రాటర్‌లకూ సంస్కృతంలోని పితృ, మాతృ, భ్రాతృలకూ మూలం ఒక్కటేనని భాషా శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. అలాగే ‘ఆమ్ని’ అంటే మన ‘సర్వ’. సర్వశక్తిమంతుడు ఆమ్నిపొటెంట్, సర్వవ్యాపి ఆమ్నిప్రెజెంట్, సర్వజ్ఞుడు ఆమ్నిసియెంట్. గుళ్లో పురాణం విన్న పిల్లకు ఈ మూడూ నేర్పడానికి గంటలు పట్టవు. నార్మన్ లూయిస్ 1949లో వెలువరించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ నేటికీ మన పుస్తకాల షాపుల్లో దొరుకుతోందంటే కారణం, అది పదాలను జాబితాగా కాక ధాతువుల వారీగా చెప్పడమే.

ఒక్క పదం దొరకడం వల్ల జరిగే మేలు మార్కులతో ఆగదు. ఒక జాతినో మతాన్నో పనిగట్టుకుని తుడిచిపెట్టే నేరానికి ఒకప్పుడు పేరే లేదు. పోలండుకు చెందిన న్యాయవాది రఫాయెల్ లెమ్‌కిన్ గ్రీకు ‘జెనోస్’కు లాటిన్ ‘సైడ్’ కలిపి జెనోసైడ్ అన్న పదం కట్టి, 1944లో తన పుస్తకంలో అచ్చు వేయించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆ పేరుతోనే ఒప్పందాన్ని ఆమోదించింది. అంతవరకు పేరాల్లో వర్ణించాల్సి వచ్చిన ఘోరాన్ని ఆ తరువాత ఆరోపణగా, అభియోగంగా ఒక్క మాటలో చెప్పగలిగారు.

అయితే ఒక్క పదంలో సరిహద్దులు గట్టిగా ఉంటాయి. కుర్రాళ్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. చదవడం రాయడం రానివాడు ఇల్లిటరేట్, చదవడానికి వీల్లేని చేతిరాత ఇల్లెజిబుల్. ఎమిగ్రెంట్, ఇమిగ్రెంట్, మైగ్రెంట్ ఇంకా చిక్కు. వీటిని నేర్చుకోవడానికి మన ఉత్తరాంధ్ర జిల్లాలకు మించిన బడి లేదు. కొత్తవలస, ఆమదాలవలస అని ఊళ్ల పేర్లలోనే వలస ఉన్న నేల ఇది. ఇక్కడి నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన కూలీలను తలుచుకోండి. దేశం విడిచి వెళ్లేవాడు ఎమిగ్రెంట్, ఆ మనిషే అవతలి దేశంలో దిగేసరికి ఇమిగ్రెంట్. కానీ 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే. కనుక అంతకు ముందు వెళ్లినవాడు కచ్చితంగా చూస్తే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయిన మైగ్రెంట్ మాత్రమే. హైదరాబాదు, చెన్నై పనులకు పోయే నేటి మనవాళ్లలాగే. ఇలా ఒక్కసారి ఆలోచించి పెట్టుకున్నవాడు నాలుగు ఆప్షన్ల మధ్య తికమకపడడు.

గైడ్లు దాదాపు పట్టించుకోని రెండో కోణం ఒకటుంది. నా దృష్టిలో అదే ముఖ్యం. మన సెలవు చీటీ చూడండి: ‘ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ ఇన్ ఆర్డర్ టు రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు కైండ్లీ గ్రాంట్ మి లీవ్ డ్యూ టు ద ఫాక్ట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.’ ‘ఇన్ ఆర్డర్ టు’ బదులు ‘టు’ చాలు. ‘డ్యూ టు ద ఫాక్ట్ దట్’ బదులు ‘బికాజ్’ చాలు. ‘ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్’ అసలు అక్కర్లేదు, రాస్తున్నాడని కాగితం చూస్తేనే తెలుస్తోంది. మిగిలేది ‘ప్లీజ్ గ్రాంట్ మి లీవ్ బికాజ్ ఐ హావ్ ఫీవర్’. మర్యాద ఎక్కడా తగ్గలేదు. 1906లో ఫౌలర్ సోదరులు ‘ద కింగ్స్ ఇంగ్లీష్’లో డొంకతిరుగుడు కన్నా ఒక్క పదం మేలన్నారు, దానితో పాటే అరుదైన పదం కన్నా తెలిసిన పదం మేలనీ అన్నారు. రెండో మాట మరిచిపోయి మొదటిదే పట్టుకుంటే, ఎదుటివాడికి అర్థం కాని పెద్ద పదాలు విసిరే ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం తయారవుతాడు.

ఇక పదాలను ఒంటబట్టించుకునే దారి. దాన్ని చూపిన గిడుగు రామమూర్తి ఈ ప్రాంతంవాడే. సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయన తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట్లాడి, మాట్లాడించి నేర్చుకున్నాడు. నిఘంటువు కట్టింది ఆ తరువాత. మన పిల్లలూ రోజుకు ఐదు పదాలు చాలనుకుని, ఒక్కొక్కదానితో తమ ఊరి సంగతి ఒకటి రాయాలి. తాటిపూడి జలాశయం మీద, పుణ్యగిరి జాతర మీద, శుక్రవారం ఆలస్యమైన బస్సు మీద.

అప్పుడు ఇంగ్లీషుకు ఒక్క పదం చాలని చోట్లు కూడా వాళ్లకే తగులుతాయి. తోడల్లుడికి, తోడికోడలికి ఇంగ్లీషులో పేరు లేదు. మనవాళ్లు కో-బ్రదర్, కో-సిస్టర్ అని కట్టుకున్నారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఆ మాట చెల్లుతుంది. లండన్‌కు ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ‘మై వైఫ్స్ సిస్టర్స్ హజ్బెండ్’ అని నాలుగు మాటలూ విడివిడిగా రాయాల్సిందే.