భుజము నొప్పికి సూదిమందు ఎంతవరకు?

రెక్కాడితే గాని డొక్కాడదను సామెత బిజినేపల్లి ప్రాంతపు కూలీలకు అక్షరాల వర్తించును. ఎన్నో ప్రాజెక్టులకు మట్టితట్టలు మోసిన పాలమూరు కూలీలలో నేటి నాగర్‌కర్నూలు జిల్లావారు అనేకులు. తట్ట నెత్తికెత్తుట, ప్రత్తిచేలలో మందుడబ్బా తగిలించుకొని పిచికారీ చేయుట, రెండును భుజముపై భారము వేయు పనులే. చేయి లేవని నాడు కూలి లేదు. కనుక "ఒక సూదెయ్యి సారూ" అని వారడుగుటలో తప్పు లేదు. విమర్శింపదగినది ఆ సూదికి మనము కట్టిన విలువ.

భుజపు కీలు చుట్టును నాలుగు కండరములు గలవు. వాటిని ఎముకకు కట్టియుంచు నారవంటి భాగములే స్నాయుబంధనములు. మోకుత్రాడు పేటలు విడినట్లు, ఏండ్లు గడచిన కొలది ఇవియు అరిగి చీలికలగును. దీర్ఘకాలపు నొప్పిలో ఈ అరుగుదలదే పెద్ద పాలు. వాపు పాలు తక్కువ. సూదిలో సాధారణముగా ఇచ్చు స్టిరాయిడు మందో, వాపును అణచునది! ఈ జాతికి చెందిన కార్టిజోనును 1948లో అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ కీళ్ళవాత రోగికి ఇవ్వగా, కదలలేని మనిషి కొలది దినములలో లేచి నడిచెను. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి లభించెను. కీళ్ళవాతములో సంపాదించిన ఆ కీర్తిని భుజమునకు అరువు తెచ్చుకొన్నాము. సూది తీయగానే చేయి తేలికగా లేచుటకు కారణము కూడ తరచు స్టిరాయిడు కాదు, దానితో కలుపు లిగ్నొకెయిన్ అను తిమ్మిరిమందు.

2009లో నార్వే వైద్యులు 106 మందిపై జరిపిన పరీక్ష చూడుడు. కొందరికి స్టిరాయిడును యంత్రములో చూచుచు సరిగా భుజములోనికే ఎక్కించిరి, కొందరికి పిరుదుకిచ్చిరి. 6 వారముల తరువాత చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గురిచూచి వేయుటకు మనము చెల్లించు అదనపు రుసుము ఏపాటిదో దీనినిబట్టి ఆలోచింపవచ్చును. అట్లని ఊరి ఆరెంపీ పిరుదుకు వేయు సూది చాలునని అర్థము కాదు. అందులో ఏ మందున్నదో వేయించుకొనువానికి తెలియదు.

రోగి రక్తమునే తీసి, యంత్రములో త్రిప్పి, రక్తఫలకికలను వేరుచేసి ఎక్కించుట నేటి మోజు. 2013లో వెలువడిన ఒక పరీక్షలో 40 మంది రోగులలో సగము మందికి దానిని, సగము మందికి ఉత్త ఉప్పునీటిని ఇచ్చి, అందరిచేతను వ్యాయామము చేయించిరి. ఏడాదికి ఇరువురి స్థితి ఒక్కటే. ధరలు మాత్రము ఒక్కటి కావు.

బ్రిటనులో 708 మందిపై జరిగి 2021లో వెలువడిన పరీక్ష మనకు మరింత ముఖ్యమైనది. సూది పొందినవారికి 8 వారములనాడు స్వల్ప లాభము కనబడెను. 12 నెలల కాలము మొత్తము మీద లాభము లేదు. అందులోనే మరొక సంగతి: ఆరుసార్లు వరకు వ్యాయామ చికిత్సకు పోయినవారికంటె, ఒక్కసారి పోయి చక్కగా నేర్చుకొని ఇంటివద్ద చేసినవారు వెనుకబడలేదు. పూటకూలి పోగొట్టుకొని పట్నము పోవలసిన వారికి ఇంతకంటె మేలైన వార్త ఏమున్నది? నాగర్‌కర్నూలులో 2022 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. సూదిగూర్చి అడుగువారు అక్కడ వ్యాయామముగూర్చి కూడ అడుగవలెను.

ఐతే ఆ 8 వారముల లాభమును తీసిపారవేయుట తగదు. రాత్రులు నిద్రపట్టని మనిషికి అది చిన్నది కాదు. ఆ వ్యవధిలో లీటరు నీళ్ళసీసా పట్టుకొని చేతిని మెల్లగా ఎత్తి దింపుచు, వారము వారము బరువు పెంచుకొన్నచో సూది సార్థకమగును. నొప్పి తగ్గినదని మరునాడే తట్ట ఎత్తినచో అరిగిన నారపైననే బరువు పడును. మళ్ళీమళ్ళీ వేయించుకొన్నచో ఆ నార బలహీనపడు ప్రమాదమున్నది. మధుమేహులకు కొన్ని దినములపాటు రక్తములో చక్కెర పెరుగును.

కీలు బిగిసి చేయి ఏవైపునకు తిరుగని జబ్బు వేరు. అందులో సూది కొంత ఎక్కువ పనిచేయును. పడిన వెంటనే చేయి లేవకపోయినచో నార తెగియుండవచ్చును. అప్పుడు సూదికి కాక పరీక్షకు పోవలెను, ఆలస్యము చేయరాదు.