అడుగుకి పావు అంగుళం

అమెరికాలో పాత ఇల్లు కొని బాత్రూము బాగుచేయించడం మొదలుపెట్టినవాళ్ళు ఇట్టే దొరుకుతుందనుకునేదీ, చివరిదాకా ఏడిపించేదీ ఒకటే వస్తువు: షవర్ బేస్. మన దగ్గర బాత్రూము అంటే గది మొత్తం తడిసేదే. గచ్చంతా ఒక మూలకి వాటం పెట్టి, అక్కడ నహానీ ట్రాప్ బిగిస్తే నీళ్ళు వాటి దారిన అవి పోతాయి. అమెరికా బాత్రూములో నేల పొడిగా ఉండాలి. కింద చెక్క, చాలా ఇళ్ళలో ఆ చెక్క కింద ఇంకో గది సీలింగు. గచ్చులో తూము ఉండదు. నీళ్ళు పడే చోటు షవర్ ఒక్కటే కాబట్టి, వాటిని ఒక్క చుక్క బయటికి పోకుండా పట్టి డ్రెయిన్‌లోకి దించే భారమంతా కాళ్ళ కింద ఉన్న ఆ మూడు నాలుగడుగుల బేస్‌దే.

షాపులో రెడీమేడ్ బేస్‌లకి కొదవలేదు. 32 అంగుళాల చదరం, 36 చదరం, 48 బై 34, 60 బై 30, 60 బై 32, ఇలా వరసగా నిలబెట్టి ఉంటాయి. 60 బై 30 ఎందుకంటే మామూలు స్నానాల టబ్బు కొలత అదే. టబ్బు పీకేసిన చోట సరిగ్గా కూర్చుంటుంది. చిక్కు ఎక్కడంటే, పాత ఇళ్ళలో షవర్లు ఈ కొలతలకి కట్టినవి కావు. వడ్రంగి మిగిలిన జాగాలో ఇమిడ్చినవి.

పైగా కొలిచేవాళ్ళు టైలు నుంచి టైలుకి కొలుస్తారు. బేస్ కూర్చునేది టైళ్ళ మధ్య కాదు, గోడ లోపలి చెక్క స్టడ్ల మధ్య. దాని అంచు స్టడ్లకి ఆనాలి, గోడ పలక ఆ అంచు మీదికి దిగాలి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా తమ్ముడు కొన్న ఇల్లు 1950ల నాటిది. అందులో షవర్ వెడల్పు టైలు నుంచి టైలుకి 46 అంగుళాలు. గోడలు ఊడదీశాక చూస్తే 49. ఆ రోజుల్లో గోడకి ఇనుప జాలీ కొట్టి, దాని మీద అంగుళం పైన సిమెంటు మాలు మెత్తి, ఆ మాలు మీద టైలు అంటించేవారు. ఒక్కో పక్క అంగుళమున్నర అలా గోడలో కలిసిపోయింది. పోనీ 48 బేస్ తెచ్చి, మిగిలిన అంగుళానికి స్టడ్ల మీద చెక్క బద్దలు కొట్టి సర్దుదామంటే డ్రెయిన్ అడ్డం వచ్చింది. అది మధ్యలోనూ లేదు, చివరా లేదు. మధ్య నుంచి మూడంగుళాలు ఎడమకి జరిగి ఉంది. సరిగ్గా మధ్యలో, కింద, నేలని మోసే దూలం ఉంది. దూలం కోసి పైపు జరపమని ఏ ప్లంబరూ చెప్పడు, చెప్పినా ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

రెడీమేడ్ వాటిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. విస్కాన్సిన్‌లో జాన్ మైకేల్ కోలర్ 1883లో పశువుల తొట్టికి ఎనామిల్ పూసి స్నానాల తొట్టిగా అమ్మిన దగ్గర్నుంచి పోత ఇనుము మీద ఎనామిల్ అనేది అమెరికా బాత్రూముల్లో ఒక గొప్ప పనితనం. ఎర్రగా కాలిన ఇనుము మీద గాజుపొడి జల్లితే అది అక్కడే కరిగి పొరగా పట్టుకుంటుంది. అలాంటి బేస్ ఒక తరం దాటి మన్నుతుంది. ఆక్రిలిక్ బేస్ తేలిక, చవక. కాకపోతే కింద సిమెంటు పరుపు వేసి కూర్చోబెట్టకపోతే కాలు పెట్టినప్పుడల్లా దిగుతుంది. ఈ రెంటికీ వాటం ఫ్యాక్టరీలోనే పోతపోసి వస్తుంది. మన డ్రెయిన్ ఎక్కడుందో ఆ ఫ్యాక్టరీకి తెలియదు.

అలాంటప్పుడు మిగిలిన దారి ఒకటే: ఉన్న డ్రెయిన్ చుట్టూ చేత్తో బేస్ కట్టించడం. అక్కడి టైల్స్ పనివాళ్ళు దీన్ని మడ్ ప్యాన్ అంటారు. ఇది కట్టగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. 1956లో హెన్రీ రాత్‌బర్గ్ అనే కెమికల్ ఇంజినీరు పల్చటి పూతతో టైలు అంటించే థిన్‌సెట్ కనిపెట్టి లాటిక్రీట్ కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా గోడైనా నేలైనా మందపాటి మాలు మీద టైలు పరవడమే పద్ధతి. థిన్‌సెట్ వచ్చాక గోడల మీద మాలు మెత్తే పని మెల్లగా పోయింది. పలక బిగించి అంటించేస్తే సరిపోయింది. షవర్ నేలలో మాత్రం ఆ పని బతికింది. ఏ పలకా నాలుగు వైపుల నుంచి ఒక గుంటకి వాలదు కదా.

మా తమ్ముడి ఇంట్లో ఈ పని చేసింది ఈక్వడార్ నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో టైల్స్ పనిలోనే ఉన్న ఒక పెద్దాయన. మాట తక్కువ. పాత నేల తవ్వితే అడుగున సీసపు రేకు బయటపడింది, చేత్తో పట్టుకుంటే విరిగేలా ఉంది. అప్పట్లో నీళ్ళు దిగకుండా సీసం పరిచేవారు. సిమెంటులోని క్షారం తగలకుండా దానికి తారు పూయాలి. పూత సరిగ్గా లేనిచోట సిమెంటు ఏళ్ళ తరబడి దాన్ని తినేస్తుంది. ఆయన ఆ రేకుని వేలితో తట్టి చూపించాడే తప్ప దాన్ని వేసినవాణ్ణి ఒక్క మాట అనలేదు. అది నాకు నచ్చింది.

ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది దాని లోపలి ఆలోచన. మనం పైన చూసే టైలు నేల నీళ్ళని ఆపుతుందని అనుకుంటాం. ఆయన అలా అనుకోడు. టైలు ఆపుతుంది గానీ టైళ్ళ మధ్య గ్రౌట్ ఆపదు, కొంత నీరు దిగుతూనే ఉంటుంది. తను వేసే పై పొర కారుతుందన్న లెక్కతోనే ఆయన పని మొదలవుతుంది. అందుకే ఒక నేల కింద ఇంకో నేల కడతాడు. పై నేల మీద పడిన నీళ్ళు జాలీలోంచి డ్రెయిన్‌లోకి పోతాయి. లోపలికి ఇంకిన నీళ్ళు కింది నేల మీదుగా జారి, డ్రెయిన్ మెడలో ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి అదే పైపులోకి దిగుతాయి. ఒకే డ్రెయిన్‌కి రెండు ద్వారాలు, ఒకటి మనకి కనిపించేది, ఇంకోటి ఎప్పటికీ కనిపించనిది.

ముందు చెక్క మీద తారుకాగితం, దాని మీద ఇనుప జాలీ, ఆపైన వాటంగా ఒక పొర మాలు. దాని మీద పీవీసీ షీటు, సుమారు ఒక మిల్లీమీటరు మందం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షీటుని చదును నేల మీద పరిచేసి, వాటమంతా పై మాలులో పెడతారు. పైనుంచి చూస్తే నేల బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంకిన నీళ్ళు మాత్రం షీటు మీద కదలకుండా నిలిచిపోయి, కొన్నాళ్ళకి ముక్కవాసన మొదలవుతుంది. వాటం ఉండాల్సింది నీళ్ళని నిజంగా ఆపే పొరకి. ఇంత చిన్న విషయం ఇన్ని ఇళ్ళలో ఎలా తప్పిపోతుందో నాకు అర్థం కాదు. లాస్ ఏంజిలిస్ వైపు ఇప్పటికీ షీటు బదులు కాగిన తారు పొరలు పోసే ప్రత్యేక ముఠాలున్నాయి. వాళ్ళకీ కింద వాటం తప్పదు.

షీటుని ఆయన ఎక్కడా కోయలేదు, డ్రెయిన్ దగ్గర తప్ప. మూలల్లో మడత పెట్టాడు. మడతలో మందం పెరుగుతుంది కాబట్టి, అక్కడ గోడ పలక ఉబ్బకుండా ముందే ఉలితో స్టడ్‌లో కాస్త చెక్క తీసి మడతకి చోటు చేశాడు. షీటు షవర్ గడప ఎత్తు దాటి గోడల మీదికి ఎక్కింది. మేకులు దాని పై అంచున మాత్రమే. గడప మీద ఒక్క మేకూ లేదు. అక్కడ ఇనుప జాలీని వంచి, మేకు లేకుండా దాని బిగువుతోనే నిలబెట్టాడు. తర్వాత డ్రెయిన్‌లో రబ్బరు బంతి పెట్టి గాలి నింపి, గడప దాకా నీళ్ళు పోసి, షీటు మీద పెన్సిల్‌తో నీటి మట్టం గీసి వెళ్ళిపోయాడు. ప్లంబింగ్ కోడ్ అడిగేది ఇంతకన్నా చాలా తక్కువ సేపు. ఆయన 24 గంటలు ఉంచాడు. మర్నాడు గీత దగ్గరే నీళ్ళున్నాయి.

ఆపైన రెండో మాలు. డ్రెయిన్ మెడ చుట్టూ ముందు గుప్పెడు సన్న గులకరాళ్ళు వేశాడు, మాలు వెళ్ళి ఆ చిన్న కన్నాలని మూసేయకుండా. మాలు అంటే మన తాపీ మేస్త్రీలు కలిపే జారు మాలు కాదు. ఒక పాలు సిమెంటు, ఐదు పాళ్ళ ఇసుక, నీళ్ళు పేరుకి మాత్రమే. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే సున్నుండలా ఆకారం నిలవాలి, చెయ్యి మాత్రం తడి కాకూడదు. మన మేస్త్రీ చూస్తే ఇదేం మాలు, ఇసుక తడిపి తెచ్చారా అంటాడు. ఈ పొడితనం ఊరికే పెట్టింది కాదు. ఇలాంటి మాలు గట్టిపడ్డాక కూడా లోపల సందులు మిగులుతాయి, ఇంకిన నీళ్ళు వాటిల్లోంచి దిగి షీటుని చేరతాయి. చేతిలో ఉన్నప్పుడేమో ఇది జారదు, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. చెక్క ఫ్లోటుతో కొట్టి బిగించిన తర్వాత దాన్ని చెక్కుకుంటూ పోవచ్చు. వాటం పోసేది కాదు, చెక్కేది.

ఇక లెక్క. కోడ్ ప్రకారం నేల వాటం అడుగుకి పావు అంగుళానికి తగ్గకూడదు, అర అంగుళం మించకూడదు. తగ్గితే నీళ్ళు నిలుస్తాయి, మించితే కాలు జారుతుంది. డ్రెయిన్ నుంచి నాలుగు గోడలూ నాలుగు దూరాల్లో ఉన్నాయి. అన్ని వైపులా సరిగ్గా పావు అంగుళమే పెడితే గోడల దగ్గర నేల ఎత్తు ఒక్కో చోట ఒక్కోలా వచ్చి, కింది వరస టైళ్ళన్నీ వంకర కోతలు కోయాల్సి వస్తుంది. అందుకని ఆయన ముందు చుట్టూ గోడ పొడవునా నేలని ఒకే మట్టంలో పెట్టాడు. ఆ మట్టం ఎంతుండాలో అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల నిర్ణయిస్తుంది. ఇక్కడ ఆ మూల డ్రెయిన్‌కి 31 అంగుళాల దూరం. పావు అంగుళం చొప్పున చూస్తే దాదాపు 0.65 అంగుళం ఎత్తు. అదే ఎత్తు 17 అంగుళాల దూరంలో ఉన్న వెనక గోడ దగ్గరా వస్తుంది. అంటే ఆ వైపు వాటం అడుగుకి 0.46 అంగుళం, అర అంగుళం గీతకి కాస్త ఇవతల. పొడవు ఇంకొంచెం ఎక్కువున్న షవర్‌లో ఈ లెక్క కుదరదు. ఆయన దీన్ని కాగితం మీద వేయలేదు. రసమట్టం, టేపు, వేర్వేరు పొడవులకి కోసి పెట్టుకున్న నాలుగు చెక్క బద్దలు, అంతే. బద్ద ఒక కొన గోడ దగ్గర, ఇంకో కొన డ్రెయిన్ మీద పెట్టి లాగితే, ఎక్కువున్న మాలు పొడిలా రాలిపోయేది. దూరపు మూల నుంచి మొదలుపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ గడప మీదుగా బయటికొచ్చాడు. వెనక ఒక్క వేలిముద్ర లేదు.

షవర్ నేలకి రెండంగుళాల చిన్న టైళ్ళే ఎందుకు వాడతారో ఇప్పుడు తెలుస్తుంది. నాలుగు వాలు తలాలు మూలల నుంచి డ్రెయిన్ దాకా కలుసుకునే గీతల దగ్గర పెద్ద టైలు వంగదు, ఆ గీత వెంబడి కోయాల్సిందే. జాలీ మీద అంటించిన చిన్న టైళ్ళు నేల ఎటు వాలితే అటు వాలతాయి. టైళ్ళ మధ్య సందులెక్కువ కాబట్టి కాలికి పట్టూ ఉంటుంది. మా అమ్మలాంటి వాళ్ళకి టబ్బు అంచు దాటే అవసరం లేకపోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఈ పద్ధతి ఇప్పుడు పాతబడుతోందని చెప్పకపోతే అన్యాయం. జర్మనీ కంపెనీ ష్లూటర్ వాళ్ళ నారింజ రంగు షీటు లాంటివి టైలుకి సరిగ్గా కిందే అంటిస్తారు. నీళ్ళు మాలులోకి దిగనే దిగవు, రెండో నేల అక్కర్లేదు. ఫోమ్‌తో చేసిన వాటం పలకలు కూడా వచ్చాయి, కోసి పరచడమే. అవి మంచివే, త్వరగా అవుతాయి, బాగా ఆరుతాయి. ఆ పెద్దాయన అవీ వేస్తాడు. అయితే ఆ షీటు కింద కూడా చాలామంది మాలు వాటమే చెక్కుతారు, ఫోమ్ పలక కొలతలూ ఫ్యాక్టరీ కొలతలే కాబట్టి. డ్రెయిన్ మూడంగుళాలు పక్కకి పోయిన ఇంట్లో మళ్ళీ బద్ద పట్టుకునేవాడే కావాలి.

ఇక చివర మిగిలింది డ్రెయిన్ జాలీ. అది చదరం, దాని కింద గొట్టానికి మరలుంటాయి, తిప్పితే పైకి లేస్తుంది లేదా కిందికి దిగుతుంది. ఎత్తు టైలు మందానికి సరిపోవాలి, జాలీ అంచులు టైళ్ళ వరసలకి సమాంతరంగానూ ఉండాలి. తిప్పుడు ఒక్కటే, తీర్చాల్సిన కోరికలు రెండు. ఎత్తు సరిపోయిన చోట జాలీ ఐమూలగా నిలుస్తుంది, సూటిగా నిలిచిన చోట ఎత్తు కుదరదు. పావు చుట్టు పావు చుట్టు చొప్పున మాత్రమే సర్దుకోగలం. ఆయన మాలు వేయకముందే జాలీని సూటిగా నిలిపి, ఆ ఎత్తు నుంచి టైలు మందం, థిన్‌సెట్ మందం తీసేసి, మాలుని ఆ మట్టానికే చెక్కాడు. జాలీకి నేలని సర్దాడు గానీ నేలకి జాలీని సర్దలేదు. ఎందుకలా అని అడిగితే, మొదట టైళ్ళు వేసి ఆ తర్వాత జాలీ తిప్పేవాళ్ళ షవర్లు చూడమన్నాడు. ఆ తర్వాత నేను స్నానం చేసిన ప్రతి హోటల్లో చూశాను. చాలావాటిలో జాలీ వంకరే.