జమైకా నుంచి జమైకాకు

న్యూయార్కు తెలుగువాళ్ళకి జమైకా అనగానే గుర్తొచ్చేది రైలు మారే స్టేషను. క్వీన్స్‌లోని ఆ పేటకీ, కరీబియన్ సముద్రంలోని దీవికీ పేరొకటే తప్ప చుట్టరికం లేదు. ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్తూ వస్తూ ఏళ్ళ తరబడి నేనూ అలాగే అనుకున్నాను. ఆ దీవి నుంచి ఒక కుటుంబం తన పాటల వ్యాపారాన్ని ఈ పేటకే మోసుకొచ్చి, ఇక్కడినుంచే లోకానికి రెగే పంచిందని ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పినవి రెండు: 2021లో వచ్చిన పట్రీషియా చిన్ ఆత్మకథ ‘మిస్ ప్యాట్’, ‘స్టూడియో 17: ది లాస్ట్ రెగే టేప్స్’ అనే డాక్యుమెంటరీ. చెప్పేది ఒకే కుటుంబం కథ. కానీ పుస్తకం వినిపించేది ఒకటి, సినిమా వినిపించేది మరొకటి.

ముందు కథ. విన్సెంట్ చిన్ చైనా మూలాలున్న జమైకన్. ఆయన భార్య పట్రీషియాకి తల్లి వైపు చైనా, తండ్రి వైపు భారతదేశం. కలకత్తా నుంచి కూలీలతో మొదటి ఓడ జమైకా చేరింది 1845లో. ఇది చదవగానే “ఆవిడ మనవాళ్ళేనా?” అని అడగడం మనకి అలవాటు. ఆ ప్రశ్న పక్కన పెడదాం. నాకు ఆవిడ చుట్టంలా అనిపించడానికి కారణం వేరే ఉంది.

విన్సెంట్ పని ఊళ్ళోని జూక్‌బాక్సుల్లో రికార్డులు మార్చడం. జనం వినివిని అరగదీసిన రికార్డులు తీసేసి కొత్తవి పెట్టాలి. తీసేసినవాటిని చవగ్గా కొని అమ్మడంతో దంపతుల దుకాణం మొదలైంది. దానికి ‘ర్యాండీస్’ అని పేరు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఆ పేరుతో ఒక రికార్డుల కొట్టు ఉండేది. ఆ కొట్టువాళ్ళ రేడియో కార్యక్రమం రాత్రిళ్ళు జమైకాదాకా వినబడేది. అమెరికా చూడకముందే అమెరికా పేరు పెట్టుకోవడం మనకి తెలియని సంగతేం కాదు! తర్వాత దుకాణం కింగ్‌స్టన్‌లోని 17, నార్త్ పెరేడ్‌కి మారింది. మేడమీద స్టూడియో వెలిసింది.

అవి మెంటో అనే పల్లెబాణీ, అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్, జాజ్ కలిసి ‘స్కా’గా మారుతున్న రోజులు. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు లార్డ్ క్రియేటర్ పాడిన ‘ఇండిపెండెంట్ జమైకా’ విన్సెంట్ నిర్మించినదే. స్కా నెమ్మదించి రాక్‌స్టెడీ, ఆ దశాబ్దం చివరికి రెగే అయింది. మేడమీది స్టూడియోలో బాబ్ మార్లీ, పీటర్ టాష్, డెనిస్ బ్రౌన్ వంటివాళ్ళు పాడారు.

సంగీత చరిత్రలు సాధారణంగా మేడమీదే ఆగిపోతాయి. ఎవరు పాడారు, ఎవరు నిర్మించారు, ఎవరు మీటలు నొక్కారు. ‘మిస్ ప్యాట్’ విలువ మనల్ని కింద కౌంటరు దగ్గరకి తీసుకెళ్ళడంలో ఉంది. పేటల్లో పుట్టిన పాటకి రేడియోలో సులువుగా చోటు దొరకని కాలంలో కౌంటరూ, వీధిలో సౌండ్ సిస్టమూ కలిసి రేడియో పని చేశాయి. రికార్డు వేసి వినిపించినప్పుడు ఎవరి కాలు కదిలింది, ఎవరు జేబులో చెయ్యి పెట్టారు అని గమనించే మనిషి ఒట్టి అమ్మకందారు కాదు. ఆ పాటకి తొలి విమర్శకురాలు. రికార్డు మీద మాత్రం ఆ మనిషి పేరు ఉండదు.

అయితే ఇది దుకాణదారు పుస్తకమన్న సంగతి మరిచిపోకూడదు. ఆ రోజుల్లో చాలామంది గాయకులకి పాటకింతని ఒకసారి చేతిలో పెట్టి పంపేవారు. పాట ఎంత అమ్ముడుపోయినా వాళ్ళకి వచ్చేది అంతే. కౌంటరుకి ఇవతల నిలబడ్డవాళ్ళ కథ వాళ్ళ నోటనే వినాలి.

1970లలో రాజకీయ హింస పెరగడంతో చిన్ కుటుంబం న్యూయార్కు చేరింది. 1979లో క్వీన్స్‌లోని జమైకాలో ‘వీపీ రికార్డ్స్’ మొదలైంది. వీ అంటే విన్సెంట్, పీ అంటే పట్రీషియా. స్టూడియో టేపులు మాత్రం కింగ్‌స్టన్‌లోనే ఉండిపోయాయి. డాక్యుమెంటరీ కథ వాటిదే. విన్సెంట్ కొడుకు క్లైవ్, తనూ నిర్మాతే, దశాబ్దాల తర్వాత వాటిని వెలికితీస్తాడు. క్లైవ్ కొడుకు జోయెల్ వీపీలోనే పనిచేస్తూ 2011లో కింగ్‌స్టన్‌లో హత్యకు గురయ్యాడు. ఇది తెలిశాక, ఆ పెట్టెలు తెరిచే చేతుల్ని చూస్తూంటే సంగీతం సంగతి కాసేపు మరిచిపోతాం.

నా ఫిర్యాదు కూడా అక్కడే. సినిమా ఆ చేతుల దగ్గర నిలబడకుండా పెద్ద పేర్లవైపు పరుగెడుతుంది. డెనిస్ బ్రౌన్ పాత గొంతుకి డేవ్ స్టూవర్ట్ కొత్తగా వాద్యాలు జోడించి పాట పూర్తిచేయడాన్ని ఒక విజయంగా చూపిస్తుంది. పాట బాగానే ఉండవచ్చు. కానీ నాకు కావలసింది ఆ టేపు ఉన్నదున్నట్టుగా: గరగరలూ, ఆగిపోయిన చోటులూ, మళ్ళీ మొదలెడదామన్న మాటలూ. దొరికిన గొంతుని వెంటనే బాగుచేయాలనే తొందరలో దాన్ని మరోసారి పోగొట్టుకుంటామేమో.

నాకిది చెప్పే అర్హత ఎంతుందో తెలియదు. 1980ల చివర్లో మా అమ్మ ఉత్తరాలకి బదులు క్యాసెట్లు పంపేది. ఎవరు అమెరికా వస్తున్నా వాళ్ళ పెట్టెలో ఆవకాయ సీసా పక్కన ఒక క్యాసెట్. ఊరి కబుర్లు, ధరలు, మధ్యలో ఒక మంగళహారతి. విన్నాక వాటిమీద సినిమా పాటలు రికార్డు చేసుకున్నాను. ఖాళీ క్యాసెట్ కొనడానికి డబ్బులు లేక కాదు. అమ్మ మళ్ళీ పంపుతుందిగా అనుకున్నాను.

ఒక్కటి మిగిలింది. పోయిన నెల మా అబ్బాయి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. “వెనక ఆ చప్పుడు తీసేయమంటావా నాన్నా?” అని అడిగాడు. వద్దన్నాను. అది మా వంటింటి కిటికీ అవతల గిలక చప్పుడు. ఎవరో నీళ్ళు తోడుతున్నారు.