‘ఆల్ అమెరికన్ బాయ్స్’ - పాఠశాలయందు సాక్షిధర్మము

జేసన్ రెనాల్డ్స్, బ్రెండన్ కైలీ యనువారు కలసి రచించిన యీ యాంగ్లనవల 2015 సంవత్సరమున వెలువడినది. అమెరికాదేశపుఁ బాఠశాలలలో వర్ణవిద్వేషమును, రక్షకభటుల వర్తనమును విచారించుటకు దీనిఁ జదివింతురు.

రషాదను నల్లజాతి బాలుని, అంగడిలో దొంగయని భ్రమించి, రక్షకభటుఁ డొకఁడు క్రూరముగా మోదును. సహాధ్యాయియగు క్విన్నను తెల్లజాతి బాలుఁడు దానిఁ జూచును. తండ్రిలేని క్విన్నునకు ఆ భటుఁడు పితృసముఁడు. కథ యిరువురి నోటను మాఱిమాఱి నడచును. రషాదు పలుకులు రెనాల్డ్సువి, క్విన్ను పలుకులు కైలీవి.

ఈ ఘట్టమును బాలురచే నభినయింపఁజేయుట యుచితము గాదు. ఒకని యవమానము తక్కినవారికి వినోదమగును. ఇరువురి కథనములను బ్రక్కప్రక్క నుంచి, కంటఁ జూచిన దెంత, ఊహించిన దెంత యని విడఁదీయించుట మేలు. ఊహను చూపుగాఁ గొనుట భటుని దోషము. చూచియు మిన్నకుండుట క్విన్నుని తొలిదోషము.

రషాదు తండ్రియుఁ బూర్వము రక్షకభటుఁడే. నిరాయుధుఁడగు నల్లజాతి బాలు నొకనిఁ దుపాకితోఁ గాల్చినవాఁడే. ఈ భాగమును విడిచినచో నవల యొకజాతి దోషము, వేఱొకజాతి దుఃఖముగా మాత్రమే మిగులును. భయము పుట్టుకతో రాదు, నేర్పఁబడునని యచ్చటనే తెలియును.

భటునకుఁ దన నోటఁ జెప్పుకొను ప్రకరణము లేకుండుట కొఱఁతయే. ఆ కొఱఁతను ప్రశ్నగా మార్చుట యుపాధ్యాయుని పని. కరుణ పుట్టించుటతోఁ బాఠము ముగియరాదు. ఆత్మీయునిపై సాక్ష్యము పలుకుటకు వెల యెంతయో విద్యార్థి యెఱుఁగవలయును.