పాలు పడుట, చేపుట: పాఠములోని ఒక లోపము

“ప్రోలాక్టిన్ పాలను ఉత్పత్తి చేయును, ఆక్సిటోసిన్ పాలను వెలువరించును.” అంతఃస్రావ గ్రంథులను గూర్చి విద్యార్థులు సాధారణముగా కంఠస్థము చేయునది ఇంతే. ఇందు అబద్ధము లేదు. అసలు ప్రశ్నకు జవాబు కూడ లేదు. కాన్పు తరువాతనే పాలు ఏల పడవలెను?

గర్భిణి రక్తములో ప్రోలాక్టిన్ క్రమముగా పెరిగి, నెలలు నిండునప్పటికి మామూలుకంటె సుమారు 10 రెట్లగును. పాలగ్రంథులును అప్పటికే సిద్ధముగా నుండును. అయినను పాలు సమృద్ధిగా రావు. కారణము ప్రోజెస్టిరోన్. మూడవ నెలనుండి దీనిని ముఖ్యముగా మాయ తయారుచేయును. ఇది పాలగ్రంథులను పెంచును గాని, పాల ఉత్పత్తిని అడ్డగించును. మాయ పడినచో ప్రోజెస్టిరోన్ తగ్గి, అడ్డు తొలగును. ప్రోజెస్టిరోన్ తగ్గుటయే పాలకు నాంది యని 1969లో కూన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలలో చూపెను. మాయ ముక్క గర్భాశయములో మిగిలిన తల్లులకు పాలు ఆలస్యముగా పడుట మరియొక నిదర్శనము.

కనుక పాఠము మూడు మెట్లు చెప్పవలెను: అడ్డు తొలగుట, పాలు తయారగుట, పాలు దిగుట. రెండవదానికి ప్రోలాక్టిన్‌తోపాటు ఇన్సులిన్, కార్టిసాల్ కూడ కావలెను. మూడవది బిడ్డ చీకుటవలన కలుగును. ఆ స్పర్శ నరములద్వారా మెదడుకు చేరగా పిట్యూటరీనుండి ఆక్సిటోసిన్ వెలువడి, పాలతిత్తుల చుట్టునున్న కండకణములను ముడుచుకొనజేయును.

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో పాడియున్న ఇంటి విద్యార్థికి ఈ మూడవ మెట్టు కొత్తది కాదు. దూడ కుడువగా “బర్రె చేపింది” అను మాట అతడెరుగును. పొదుగులో తయారైయున్న పాలు దిగుటయే చేపు. ఇంత చక్కని మాట ఉండగా పాఠము “వెలువరించును” అని సరిపెట్టుకొనుట విచారకరము. అయితే ఉపాధ్యాయుడు ఈ పోలికను చేపువరకే వాడవలెను. బర్రెలో గర్భకాలపు ప్రోజెస్టిరోన్ ముఖ్యముగా అండాశయమునుండి వచ్చును.

ఈ లోపము పరీక్షలో ఒక మార్కుతో పోవునది కాదు. ప్రోజెస్టిరోన్ పూర్తిగా తగ్గుటకు కొంత వ్యవధి పట్టును. అందుచే పాలు నిండుగా పడుటకు సాధారణముగా 2, 3 దినములగును. అంతవరకు వచ్చు ముర్రుపాలు కొంచెమే అయినను రోగనిరోధక పదార్థములతో నిండియుండును. ఇది తెలియనివారు “పాలు పడలేదు” అని తేనె, చక్కెరనీళ్లు, డబ్బాపాలు పోయుదురు. బిడ్డ చీకుట తగ్గును. దానితో పాలును తగ్గును. 3 దినములు దాటినను పాలు పడకున్నను, అంతకుముందే బిడ్డ నీరసించినను, మూత్రము సరిగా పోయకున్నను వైద్యునికి చూపవలెను.

పాఠములో ఈ మాటలు చేర్చిన చాలును: మాయ పడగా ప్రోజెస్టిరోన్ తగ్గును, అప్పుడు ప్రోలాక్టిన్ పని సాగును, బిడ్డ చీకగా ఆక్సిటోసిన్ చేపును కలిగించును.